యాపిల్ ముక్కకు సంజాయిషీ

ఆ బీమా కంపెనీ ఆఫీసులో పనిచేసే ముప్ఫై ఎనిమిది మందికీ ఆవిడ పిన్నే. వాళ్ళలో ఆవిడకంటే పెద్దవాళ్ళున్నారు, ఆవిడ కూతురి వయసు వాళ్ళూ ఉన్నారు. ఎప్పుడో కొత్తగా చేరిన గుమాస్తా ఒకడు మంచినీళ్ళడగబోయి నోరు జారి ‘పిన్నీ’ అన్నాడట. అది అలాగే అతుక్కుపోయింది. జీతాల పట్టీలో ఆవిడకి వేరే పేరుంది గానీ, ఆ పేరు పెట్టి పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి చూడదు. క్లెయిముల విభాగంలో పెద్దాయన ఒక్కడు మాత్రం ‘చెల్లెమ్మా’ అనేవాడు. ఆయనకి రిటైర్మెంటు ఇంకా రెండేళ్ళుంది, షుగరు పదేళ్ళుగా ఉంది.

పిన్ని అటెండరు. మూడో అంతస్తు చివర, మెట్ల పక్కన ఉన్న టీ గది ఆవిడ రాజ్యం. రెండు మంటల పొయ్యి, కాలు విరిగిన స్టూలు, కారే కొళాయి, పక్క భవనం గోడ తప్ప ఇంకేమీ కనిపించని కిటికీ. ఇరవై రెండేళ్ళుగా రోజుకి మూడుసార్లు టీ పెట్టడం, ఫైళ్ళు కిందికీ పైకీ మొయ్యడం, ఎవరి బల్ల మీద గ్లాసు వాళ్ళకి అందేలా పెట్టడం. ఇందులో ఆవిడ తప్పు చేసినట్టు ఎవరూ అనలేదు. బాగా చేసినట్టూ అనలేదు.

ఈ ఉద్యోగానికి ముందు పిన్ని ఒక పెద్ద హోటలు వంటగదిలో తొమ్మిదేళ్ళు కూరలు తరిగింది. పొద్దున్నే నాలుగు బస్తాల ఉల్లిపాయల ముందు నలుగురు ఆడవాళ్ళు కూర్చుంటే, ముందుగా బస్తా ఖాళీ అయ్యేది పిన్నిదే. ముక్కకీ ముక్కకీ తేడా ఉండేది కాదు. ఆ చెయ్యి ఈ ఆఫీసుకొచ్చాక పని లేక పడి ఉంది. టీ పొడికి కత్తి అక్కర్లేదు కదా. ఇంట్లో ఉన్నది ఇద్దరు మనుషులు, ఇద్దరికీ కలిపి రెండు వంకాయలు. కూతురు పెళ్ళై పక్క వీధిలోనే ఉంటుంది. భర్త దర్జీ. వీధి గదిలో మిషను వేసుకుని కుడతాడు. ఎడమ కన్ను మసకబారింది గానీ, కుట్టు వేలికి తెలుస్తుంది, కంటితో పనేముంది అంటాడు.

ఇలా ఉండగా మేనేజరు గారు మూడు రోజుల శిక్షణకి వెళ్ళొచ్చారు.

మేనేజరు గారు శిక్షణకి వెళ్ళినప్పుడల్లా ఏదో ఒకటి తెచ్చేవారు. ఒకసారి ‘చిరునవ్వు’ తెచ్చారు. రెండు నెలలపాటు అందరూ కస్టమర్లని చూసి నవ్వాలి. కాలు విరిగి క్లెయిము కోసం వచ్చినవాణ్ణి చూసి టైపిస్టు అమ్మాయి నవ్వేసరికి అతను గొడవ పెట్టాడు, నవ్వు ఆగిపోయింది. ఇంకోసారి ‘ఖాళీ బల్ల’ తెచ్చారు. బల్లల మీద కాగితం ఉండకూడదన్నారు. కాగితాలన్నీ టీ గదిలో అటక ఎక్కాయి, ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. ఈసారి తెచ్చిన మాట మరీ పొడుగు. అందరినీ హాల్లో కూర్చోబెట్టి, బల్ల మీద రెండు చేతులూ ఆనించి అన్నారు.

“మనందరికీ లోపల తుప్పు పడుతోంది.”

ఎవరికి వాళ్ళు తమ సంగతే అనుకుని సర్దుకు కూర్చున్నారు. ఇది శరీరం సంగతని తర్వాత తెలిసింది. మనం తిన్నది అరిగేటప్పుడు, పీల్చిన గాలి ఒంట్లో ఖర్చయ్యేటప్పుడు కొన్ని పోకిరీ అణువులు పుడతాయట. అవి ఊరికే ఉండవు, పక్కవాటి మీద పడి చెడగొడతాయి. వాటిని పట్టి కూర్చోబెట్టేవే యాంటీ ఆక్సిడెంట్లు. పళ్ళలో ఉంటాయి. పండుకి ఎంత రంగుంటే అంత మంచిది. గుండెకి మంచిది, కంటికి మంచిది, ముసలితనం నెమ్మదిగా వస్తుంది.

“యాంటీ యాక్సిడెంటా సార్?” అన్నాడు వెనక వరసలో డిస్పాచి గుమాస్తా. “అయితే మనకి వాహనాల క్లెయిములు తగ్గుతాయి.”

అతను నిజంగానే అలా విన్నాడో, ఎత్తిపొడిచాడో చెప్పడం కష్టం. మేనేజరు గారు నవ్వితే నవ్వుదామని అందరూ ఆయన మొహం చూశారు. ఆయన నవ్వలేదు.

మర్నాడు సర్క్యులర్ వచ్చింది. రోజూ పదకొండు గంటలకి సిబ్బంది అందరూ పళ్ళు తినవలెను. సోమవారం ఎరుపు, మంగళవారం నారింజ, బుధవారం పసుపు, గురువారం ఆకుపచ్చ, శుక్రవారం నీలం. గోడకి రంగుల పటం ఒకటి అతికించారు. నీలం రంగు పండు బజారంతా వెతికినా దొరకలేదు. నల్ల ద్రాక్షని నీలంగా పరిగణించవచ్చునని రెండో సర్క్యులర్ వచ్చింది. అరటిపండు తొక్క పసుపు, లోపల తెలుపు కాబట్టి బుధవారం చెల్లుతుందా లేదా అని ఖాతాల విభాగం రాతపూర్వకంగా అడిగింది. తొక్కనిబట్టే నిర్ణయించవలెనని మూడోది వచ్చింది. ఆ లెక్కన యాపిల్ సోమవారానికి వచ్చింది. నాలుగో సర్క్యులర్ వచ్చేలోపల పిన్ని చేతికి ఒక కొత్త చాకు, చెక్క పలక, స్టీలు పళ్ళెం వచ్చాయి.

చాకు బొటనవేలి మీద ఆనించి చూసుకుంది పిన్ని. పదును బాగానే ఉంది. ఇరవై రెండేళ్ళ తర్వాత చేతికి పని దొరికింది.

అప్పటినుంచి ఆవిడ అరగంట ముందే ఆఫీసుకి రావడం మొదలుపెట్టింది. నారింజ తొనలకి తెల్ల పొర లేకుండా తీసేది. బొప్పాయిని నిలువునా చీల్చి, గింజలు చెంచాతో ఒక్క ఊపులో గోకి, ముక్కలు వేలెడంత పొడుగున, వేలికంటే కొంచెం లావుగా కోసేది. దానిమ్మని పైన కిరీటం తీసేసి, గాట్లు పెట్టి, గిన్నెడు నీళ్ళలో ముంచి వలిచేది. గింజలు అడుక్కి పోతాయి, పొర పైకి తేలుతుంది, బట్టల మీద ఒక్క చుక్క పడదు. టైపిస్టు అమ్మాయి అది చూడ్డానికే టీ గదికి వచ్చేది.

“ఇన్నేళ్ళూ దానిమ్మ అంటే భయపడి కొనలేదు పిన్నీ. ఇంత తేలికా?”

“తేలికేం కాదమ్మా. తేలికగా కనపడాలి, అంతే.”

పళ్ళెం వచ్చేసరికి తలలు లేచేవి. ఎదురుబొదురు బల్లల దగ్గర ఇరవై ఏళ్ళుగా ఎడమొహం పెడమొహంగా ఉన్నవాళ్ళు, ఆఖరి ద్రాక్షపండు నువ్వు తీసుకో అంటే నువ్వు తీసుకో అనుకోవడం పిన్ని కళ్ళారా చూసింది. క్లెయిముల పెద్దాయన డాక్టరు చెప్పినట్టు నాలుగు ముక్కలే తీసుకునేవాడు. ఐదోదాని వైపు చూసి, “రేపటిది రేపే చెల్లెమ్మా” అనేవాడు.

చిక్కల్లా మేనేజరు గారి దగ్గరొచ్చింది. పదకొండు గంటలని సర్క్యులర్ ఇచ్చింది ఆయనే. పదకొండు గంటలకి మీటింగు పెట్టేదీ ఆయనే. మీటింగు పన్నెండుంబావు దాకా సాగేది. అందాకా పళ్ళెం తలుపు బయట పిన్ని చేతుల్లో ఉండేది. ద్రాక్షకేం, రెండు రోజులైనా ఓర్చుకుంటుంది. యాపిల్ అలా కాదు. కోసిన పావుగంటకే అలుగుతుంది, అరగంటకి ఎర్రబడుతుంది, గంటకి తుప్పు రంగుకొస్తుంది.

ఒక సోమవారం పై ఆఫీసునుంచి పెద్ద అధికారి వచ్చారు. ఆయన ముందు పళ్ళెం పెడితే ఒక యాపిల్ ముక్కని ఫోర్కుతో అటూ ఇటూ తిప్పి చూశారు.

“ఇది కుళ్ళిందా?” అన్నారు.

మేనేజరు గారి చెవులు ఎర్రబడ్డాయి. సాయంత్రానికి పిన్ని చేతికి మెమో వచ్చింది. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో అదే మొదటిది. తనకొచ్చిన కాగితం తను చదవలేక టైపిస్టు అమ్మాయి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ అమ్మాయి మనసులో చదువుకుని, గొంతు తగ్గించి, తెలుగులో చెప్పింది.

“యాపిల్ ముక్కలు ఎందుకు రంగు మారాయో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట పిన్నీ. లేకపోతే చర్య తీసుకుంటారట.”

పిన్ని ఆ రాత్రి సరిగా తినలేదు. భర్తకి చెప్పింది. ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ విన్నాడు.

“యాపిల్ ఎర్రబడితే నిన్నడగడమేంటి? యాపిల్‌ని అడగమను.”

“నీకు అన్నీ హాస్యమే. కాగితం మీద రాశారయ్యా. ఉద్యోగం కాగితంలో అది ఉండిపోతుంది.”

“సరేలే. నిజం రాసివ్వు. కోసిన పండు గాలి తగిలితే నల్లబడుతుంది, అది పుట్టినప్పటినుంచీ అంతే అని.”

సంజాయిషీ రాసింది క్లెయిముల పెద్దాయన. ముప్ఫై ఏళ్ళుగా జనం రాసుకున్న సంజాయిషీలు చదివి తిప్పికొట్టినవాడు కాబట్టి, తిప్పికొట్టడానికి వీల్లేనిది ఎలా రాయాలో ఆయనకే తెలుసు. పిన్ని పక్కన నిలబడి చెబుతుంటే ఆయన తన భాషలోకి మార్చుకుంటూ పోయాడు.

‘విషయం: యాపిల్ ముక్కల రంగు మారుట గురించి. పై విషయమై తమకు సవినయంగా విన్నవించుకొనునది ఏమనగా, సదరు యాపిల్ పండును పదకొండు గంటలకు ఐదు నిమిషముల ముందు కోయడమైనది. కోసిన సమయమున సదరు ముక్కలు తెల్లగానే ఉండినవి. తదుపరి డెబ్భై ఐదు నిమిషములు అవి మీటింగు గది తలుపు బయట నిరీక్షించినవి. నిరీక్షణ కాలములో గాలి తగిలి రంగు మారినవే గాని, దిగువ సంతకందారు చేసిన నిర్లక్ష్యమేమియు లేదు. నిమ్మరసము పట్టించినచో రంగు మారదని దిగువ సంతకందారుకు హోటలు అనుభవము వలన తెలిసియున్నది. అయితే నిమ్మకాయ రంగుల పటములో సోమవారము లేనందున వాడుటకు సాహసించలేదు. కావున సోమవారములకు ఒక నిమ్మకాయ మంజూరు చేయవలసినదిగా ప్రార్థన.’

“ఇలా అడిగితే ఊరుకుంటారా అన్నగారూ?” అంది పిన్ని భయంగా.

“ఊరుకోరు. మంజూరు చేస్తారు. తప్పెవరిదని అడిగితే జవాబు చెప్పాలి. నిమ్మకాయ కావాలంటే సంతకం పెడితే చాలు.”

ఆయన చెప్పినట్టే అయింది. నిమ్మకాయ ప్రయోగాత్మకంగా ఆరు వారాలకి మంజూరైంది. మెమో గురించి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు, కానీ వెనక్కీ తీసుకోలేదు. పిన్ని మాత్రం ఆనాటినుంచి యాపిల్ అంటే ఒళ్ళు దగ్గర పెట్టుకునేది. గిన్నెడు నీళ్ళలో నిమ్మరసం పిండి, ముక్కలు అందులో ముంచి తీసి, పైన తడిగుడ్డ కప్పేది.

నెల తర్వాత ఆరోగ్య సలహాదారు ఒకాయన ఉపన్యాసానికి వచ్చాడు. నిగనిగలాడే బూట్లు, మెడలో మైకు, చేతిలో పెట్టె. ముందు రోజు సాయంత్రమే మేనేజరు గారికి ఫోను చేసి ఒక మాట చెప్పాడు. ఉపన్యాసానికి సరిగ్గా గంట ముందు యాపిల్ కోయించి, గుడ్డ కప్పి బల్ల మీద పెట్టించండి, నేను అడిగినప్పుడు గుడ్డ తీయాలి, అని. మేనేజరు గారు పిన్నిని పిలిచి చెప్పారు.

“రేపు గంట ముందే కోసి ఉంచమ్మా. పెద్ద మనిషి వస్తున్నాడు. జాగ్రత్త.”

ఎందుకో చెప్పలేదు. ‘జాగ్రత్త’ అన్న మాటకి పిన్నికి తెలిసిన అర్థం ఒక్కటే. ఆ రోజు ఒక నిమ్మకాయ బదులు రెండు పిండింది. రెండోది సొంత నిమ్మకాయ.

సలహాదారు మాటకారి. తెర మీద బొమ్మలు మారుస్తూ కాసేపు చెప్పాడు. ఇనుప గేటుకి తుప్పెలా పడుతుందో చూపించాడు, అదే గతి మన రక్తనాళాలకీ పడుతోందన్నాడు. కంపెనీ పత్రిక ఫోటోగ్రాఫరు అటూ ఇటూ తిరుగుతున్నాడు. పిన్ని పళ్ళెం పట్టుకుని బల్ల పక్కన నిలబడింది.

“మాటలెందుకు? మీ కళ్ళతో మీరే చూడండి,” అన్నాడు సలహాదారు. “గంట పైనే అయింది ఈ యాపిల్ కోసి. ఈ గంటలో గాలి దీన్ని ఏం చేసిందో, అరవై ఏళ్ళలో మిమ్మల్నీ అదే చేస్తుంది. అమ్మా, గుడ్డ తీయండి.”

పిన్ని గుడ్డ తీసింది.

ముక్కలు మల్లెపువ్వుల్లా ఉన్నాయి. సలహాదారు తన చెయ్యి పళ్ళెం వైపు చాపి, మొహం జనం వైపు పెట్టి ఉన్నాడు కాబట్టి ఆయనకి వెంటనే తెలియలేదు.

“చూశారా, ఎంత ఘోరంగా ఉందో.”

“తెల్లగానే ఉందండి,” అంది టైపిస్టు అమ్మాయి.

సలహాదారు వెనక్కి తిరిగి చూశాడు. ఒక ముక్క తీసి వెలుతురుకి పెట్టి చూశాడు. “ఇది ఇప్పుడే కోశారా?”

“లేదండీ. పదింటికే కోశాను,” అంది పిన్ని. నలభై మంది తన వైపే చూస్తున్నారు. “నిమ్మరసం పట్టించానండి. పట్టించకపోతే ఎర్రబడుతుంది. ఎర్రబడితే మెమో ఇస్తారు.”

హాలంతా ఒక్కసారి గొల్లుమంది. మేనేజరు గారు కిటికీ లోంచి బయటికి చూడడం మొదలుపెట్టారు. పిన్నికి తను చేసిన తప్పేమిటో అర్థం కాలేదు. అప్పుడు క్లెయిముల పెద్దాయన లేచి నిలబడ్డాడు.

“అయ్యా, నాకో అనుమానం. నిమ్మరసంలో ఏముంటుందండీ?”

“పులుపు… విటమిన్ సి.”

“విటమిన్ సి కూడా మీరు చెప్పిన యాంటీ ఆక్సిడెంటేనా?”

“అవును, కానీ—”

“మరి మా చెల్లెమ్మ చూపించిందీ అదే కదండీ. తుప్పు పట్టకుండా ఆపి చూపించింది.”

సలహాదారు ఊరికే సలహాదారు కాలేదు. ఒక్క క్షణం తడుముకుని, ముక్క పైకెత్తి పట్టుకుని, చిరునవ్వు తెచ్చుకున్నాడు. “నేను చెప్పబోతున్నదీ ఇదే. ఒక్క నిమ్మకాయకే ఇంత శక్తి ఉంటే, మూడు కిలోల పళ్ళ శక్తిని ఒక్క గొట్టం మాత్రలో పెడితే ఎలా ఉంటుంది?” అంటూ పెట్టె తెరిచాడు. పెట్టె నిండా సీసాలు.

పెట్టెలో సీసాలు ఉండబట్టే ఆయన వచ్చాడని పిన్నికి అప్పుడు తట్టింది. యాపిల్ ఎర్రగా ఉన్నా తెల్లగా ఉన్నా ఆ పెట్టె తెరుచుకునేదే.

తర్వాతి సోమవారం సర్క్యులర్ మారింది. పళ్ళకు బదులు ఒక్కొక్కరికి రోజుకొక గొట్టం మాత్ర. మాత్రకి తొక్క లేదు, గింజ లేదు, రంగు మారదు, మీటింగు ఎంతసేపు సాగినా బయట వేచి ఉంటుంది. చాకూ పలకా బీరువాలో పెట్టి తాళం వేశారు. పిన్ని అదే పళ్ళెంలో మాత్రలూ మంచినీళ్ళూ పెట్టుకుని బల్ల బల్లకీ తిరిగింది. పళ్ళెం తేలికైపోయింది. ఆవిడకి చెయ్యి విరిగినట్టుగా ఉంది. ఆ మాట ఎవరితో అనాలి? అంటే, పని తగ్గితే ఏడుస్తావేంటి అంటారు.

రంగులు మారకపోయినా మనుషులు మారారు. పళ్ళెం వస్తే లేచిన తలలు మాత్రకి లేవలేదు. కొందరు జేబులో వేసుకున్నారు. కొందరు కిటికీ దగ్గర పూలకుండీలో వేశారు. ఆ మొక్క ముదిరిందీ లేదు, పడుచుపడిందీ లేదు. భక్తిగా మింగినవాడు క్లెయిముల పెద్దాయన ఒక్కడే. సలహాదారుని నిలబెట్టి అడిగినవాడికి ఈ నమ్మకం ఎలా కుదిరిందో పిన్నికి అర్థం కాలేదు. ఒకరోజు అడిగేసింది.

“మూడు కిలోల పళ్ళు చెల్లెమ్మా, ఒక్క మాత్రలో. నాలుగు ముక్కలతో సరిపెట్టుకునేవాణ్ణి. ఇంక లెక్క లేదు. పైగా అంతా చెట్టుది, మందు కాదు.”

మూడు వారాలు గడిచాయి. ఆయన మంచినీళ్ళు అడగడం ఎక్కువైందని మొదట గమనించింది పిన్నే. పొద్దున్న రెండు గ్లాసులు తాగే మనిషి ఆరు, ఏడు తాగుతున్నాడు. గంటకోసారి లేచి వెళ్ళొస్తున్నాడు. చొక్కా కాలరు వదులైంది. ఒక గురువారం టీ పెడితే గ్లాసు కోసం పక్కన గాల్లో తడిమాడు.

“అన్నగారూ, కనపడ్డం లేదా?”

“మసగ్గా ఉంది చెల్లెమ్మా. కళ్ళజోడు తుడుచుకోవాలి.”

“కళ్ళజోడు మీ చేతిలోనే ఉంది.”

పిన్ని గ్లాసు పక్కన పెట్టింది. టైపిస్టు అమ్మాయికి చెప్పి, ఆయన జబ్బ పట్టుకుని కిందికి దింపి, ఆటో ఎక్కించి వీధి చివర ఆస్పత్రికి తీసుకెళ్ళింది. ఆ గొట్టం మాత్రల సీసా ఒకటి కూడా చేతిసంచీలో వేసుకుంది, ఎందుకైనా మంచిదని.

లేడీ డాక్టరు వేలి కొసన రక్తం తీసి చూసి, ఆ అంకె రెండోసారి చూసింది. “షుగరు మాత్రలు ఎన్నాళ్ళయింది మానేసి?”

పెద్దాయన గోడ వైపు చూశాడు.

“ఇరవై రోజులు,” అన్నాడు చివరికి. “ఇది వేసుకుంటున్నానని.”

డాక్టరు సీసా తీసుకుని తిప్పింది. వెనకాల చీమ తలకాయలంత అక్షరాలున్నాయి. ఫోను దీపం పెట్టి, కళ్ళు చికిలించి పైకి చదివింది. ‘ఇది మందు కాదు. ఏ వ్యాధినీ నయం చేయుటకు, నివారించుటకు ఉద్దేశించినది కాదు. మీ డాక్టరు ఇచ్చిన మందులకు ప్రత్యామ్నాయం కాదు.’

 ముప్ఫై ఏళ్ళపాటు ఆ పెద్దాయన చేసిన పని అదే. వచ్చినవాడి పాలసీ కాగితం వెనక్కి తిప్పి, అడుగున ఉన్న చిన్న అక్షరాలు వేలితో చూపించి, ‘ఇక్కడ రాసే ఉంది కదండీ, మీరు చదువుకోలేదా?’ అని అడగడం. ఆయన చేతులతో మొహం కప్పుకున్నాడు. ఏడుస్తున్నాడేమో అని పిన్ని దగ్గరికి వెళ్ళింది. నవ్వుతున్నాడు. ఆ నవ్వు ఏడుపుకంటే చూడలేనట్టుగా ఉంది.

“క్లెయిము తిరస్కరించడమైనది చెల్లెమ్మా,” అన్నాడు.

సెలైను ఎక్కుతుండగా డాక్టరు పక్కన కుర్చీలో కూలబడింది. పొద్దుటినుంచీ నిలబడే ఉన్నట్టుంది.

“యాంటీ ఆక్సిడెంట్లు అబద్ధం కాదు. రోజూ పళ్ళు తినేవాళ్ళకి గుండెజబ్బులు తక్కువని ఎంతోమంది లెక్క తీసి చెప్పారు. కానీ పండులో అవొక్కటే ఉండవు. పీచు ఉంటుంది, నీళ్ళుంటాయి, ఇంకా ఏవేవో ఉంటాయి. అన్నీ కలిసి చేసే పని, ఒక్కదాన్ని లాగి సీసాలో పోస్తే జరుగుతుందని ఇంతవరకూ ఎవరూ గట్టిగా చూపించలేదు. మీరు మీ షుగరు మాత్ర మానకండి. దాంతో పాటు జామకాయో, యాపిలో, కొలతగా తినండి.”

“కోసి కాసేపుంచితే బలం పోతుందాండీ?” అని అడిగింది పిన్ని. అది చాలా రోజులుగా ఆవిడ మనసులో ఉన్న ప్రశ్న.

“కొంచెం పోవచ్చు. తినకపోతే మొత్తం పోతుంది.”

పెద్దాయన పన్నెండు రోజులకి ఆఫీసుకొచ్చాడు. వచ్చినవాడు తిన్నగా టీ గదికి వెళ్ళి, జేబులోంచి ఒక జామకాయ తీసి పలక లేని గట్టు మీద పెట్టాడు.

“నాలుగు ముక్కలు నాకు. మిగతావి నువ్వు తిను.”

చాకు బీరువాలో ఉంది. పిన్ని మర్నాడు ఇంటినుంచి తన కత్తి తెచ్చుకుంది. ఆ మర్నాడు టైపిస్టు అమ్మాయి రెండు నారింజలు పట్టుకొచ్చింది. డిస్పాచి గుమాస్తా ఒక దానిమ్మ తెచ్చి, ‘యాక్సిడెంటు కాకుండా వలువు పిన్నీ’ అన్నాడు. పదకొండు గంటలకి టీ గదిలో ఏడెనిమిది మంది నిలబడి తినేవారు. ఎవరి దగ్గర ఏ పండుంటే ఆ పండు. ఏ వారం ఏ రంగో ఎవరికీ గుర్తులేదు. జామకాయ గింజలు పంట్లో ఇరుక్కుంటే ఇరుక్కునేవి.

నెల తిరక్కుండానే మేనేజరు గారు పసిగట్టారు. తలుపు తోసుకుని వచ్చేసరికి అందరి నోళ్ళూ నిండి ఉన్నాయి. ఒక్కొక్కరే జారుకున్నారు. పిన్ని ఒక్కతే మిగిలింది, ఒక చేతిలో కత్తి, ఇంకో చేతిలో సగం బొప్పాయి.

“ఇక్కడేం జరుగుతోంది?”

“పళ్ళు తింటున్నారు సార్.”

ఆయన పళ్ళెం వైపు చూశారు. పొద్దున్న ఏమీ తినకుండా వచ్చినట్టున్నారు. పిన్ని ఒక బొప్పాయి ముక్క చెంచాతో అందించింది. నిలబడే తిన్నారు. ఇంకోటి తిన్నారు.

“బాగుంది. దీన్నొక పద్ధతిలో పెడితే బాగుంటుంది. ఎవరు ఏ రోజు ఏ పండు తేవాలో ఒక జాబితా వేసి—”

“కాగితం పెట్టకండి సార్,” అంది పిన్ని. ఇన్నేళ్ళలో మేనేజరు మాటకి అడ్డం రావడం ఆవిడకి అదే మొదలు. చెయ్యి మాత్రం బొప్పాయి కోస్తూనే ఉంది. “మీరు కాగితం పెట్టిన నాడు వీళ్ళు మానేస్తారు. మళ్ళీ నాకు మెమో వస్తుంది.”

ఆయన చెంచా గట్టు మీద పెట్టారు. అప్పటికే గొట్టం మాత్రల పథకం నూటికి నూరుపాళ్ళు విజయవంతమైందని పై ఆఫీసుకి నివేదిక పంపేశారు. మాత్రలు విజయవంతమైన ఆఫీసులో జనం పళ్ళు తింటున్నారని ఎలా రాస్తారు?

“నేనిది చూడలేదు,” అన్నారు.

“అలాగే సార్. ఇంకో ముక్క తీసుకోండి.”

ఆ విజయం గురించి కంపెనీ పత్రికలో ఒక పేజీ వేశారు. టైపిస్టు అమ్మాయి ఒక ప్రతి పిన్ని చేతిలో పెట్టింది. సాయంత్రం పిన్ని దాన్ని మిషను బల్ల మీద పరిచింది. ఫోటోలో సలహాదారు నవ్వుతూ ఉన్నాడు, మేనేజరు గారు సీసా పట్టుకుని ఉన్నారు. కింద ఏం రాశారో టైపిస్టు అమ్మాయి ఆఫీసులోనే చదివి చెప్పింది, పిన్ని భర్తకి చెప్పింది: యాంటీ ఆక్సిడెంట్ల మహిమను స్వయంగా రూపొందించిన ప్రయోగము ద్వారా వివరిస్తున్న నిపుణులు.

భర్త కాగితాన్ని కుడికంటి దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూశాడు.

“ఇందులో నువ్వెక్కడ?”

“లేను. ఇదిగో, ఈ చివర పళ్ళెం పట్టుకున్న చెయ్యి నాది.”

ఆయన ఇంకా దగ్గరికి తెచ్చుకున్నాడు. మోచేతి దాకానే పడింది. నీలం యూనిఫాం చెయ్యి, మడిచి కుట్టిన అంచు.

“అంచు నేను కుట్టిందే,” అన్నాడు. “పొందిగ్గా పడింది. ఆ బూట్లాయన కోటు చూడు, భుజం దగ్గర పైకి లాగేసింది. ఎవడు కుట్టాడో.”

పిన్ని పత్రికని మడిచి, కత్తిరింపు ముక్కల కింద పెట్టింది. అప్పటికి పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది.

మర్నాడు పదకొండు గంటలకి టీ గదిలో తొమ్మిది మంది ఉన్నారు. బొప్పాయిలు రెండు వచ్చాయి. ఒకటి నొక్కి చూసి, ఇది ఇంకా పచ్చిది, రేపటికి ఉండనిద్దాం అని పిన్ని పక్కన పెట్టేసింది. రెండోది కోసింది. క్లెయిముల పెద్దాయన తన నాలుగు ముక్కలూ తిని చెయ్యి కడుక్కుని కట్టేసినా, కొళాయి ఎప్పటిలాగే కారుతూ ఉంది.